గ్నోమ్‌ను పీకేయమనే ఆ మెసేజ్‌ను ఇక పంపకండి

"లైనక్స్‌లో ఏ డెస్క్‌టాప్ మంచిది? అయిదు నిజాలు" అన్న మెసేజ్ మళ్లీ వచ్చింది. డెస్క్‌టాప్ అంటే తెర మీద కనిపించే కిటికీలు, మెనూల ఏర్పాటు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో గ్నోమ్, కేడీఈ లాంటివి చాలా ఉన్నాయి. పంపినవాళ్లంతా కావలసినవాళ్లే, మేలు చేద్దామనే పంపారు. కానీ అందులో ఒక సలహా కొత్తవాళ్ల కొంప ముంచుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

"కేడీఈ బరువు, పాత మెషీన్లలో నడవదు" అన్నది మొదటి నిజమట. ఇది 2008లో కేడీఈ 4.0 వచ్చిన నాటి మాట. అప్పుడు నిజంగానే సగం తయారైన సరుకును జనంలోకి వదిలారు. ఆ తర్వాత ప్లాస్మా 5 వచ్చింది (కేడీఈ డెస్క్‌టాప్ పేరే ప్లాస్మా), 2024లో ప్లాస్మా 6 కూడా వచ్చింది. చేతిలో పట్టుకుని ఆడుకునే స్టీమ్ డెక్‌లో డెస్క్‌టాప్ మోడ్ ప్లాస్మాదే. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే పాత పాటా?

రెండోది, "ఎక్స్‌ఎఫ్‌సీఈ చచ్చిపోయింది." లేదు. 2024 డిసెంబరులో ఈ తేలికపాటి డెస్క్‌టాప్ 4.20 వెర్షన్ విడుదలైంది.

మూడోదానికి సాక్ష్యంగా ఒక స్క్రీన్‌షాట్ పెట్టారు. మెమరీ లెక్క చూపే 'ఫ్రీ' కమాండ్‌లో ఖాళీ మెమరీ అడుగంటినట్టు చూపించి, గ్నోమ్ అంతా మింగేసిందన్నారు. ఊరికే పడి ఉన్న మెమరీని లైనక్స్ ఫైళ్ల కాష్‌కి, అంటే చదివిన ఫైళ్లను దగ్గర ఉంచుకోవడానికి, వాడుకుంటుంది, ప్రోగ్రాములు అడిగితే వదిలేస్తుంది. చూడాల్సింది 'అవైలబుల్' అన్న చివరి కాలమ్. ఆ బొమ్మలో సరిగ్గా దాన్నే కత్తిరించేశారు! 2 జీబీ మెమరీ ఉన్న మెషీన్ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈనో, అలాంటిదే తేలికైన ఎల్‌ఎక్స్‌క్యూటీనో వేసుకోమని నేనూ చెప్తాను. అంతకు మించి ఉంటే, మెమరీ తినేది ఎక్కువగా మీ బ్రౌజరే.

"గ్నోమ్ ప్రతి వెర్షన్‌కీ ఎక్స్‌టెన్షన్లను విరగ్గొడుతుంది" అన్న నాలుగోది మాత్రం ఒప్పుకోవాల్సిందే. 2023లో గ్నోమ్ 45 వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్లన్నిటినీ, అంటే అదనపు సౌకర్యాల కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములను, కొత్త పద్ధతిలోకి మార్చుకోవాల్సి వచ్చింది. వాటి మీదే ఆధారపడి పని చేసుకునేవాళ్ల కోపం న్యాయమైనదే.

ఇక అయిదోది. "రెండు డెస్క్‌టాప్‌లు కొట్టుకుంటాయి, ముందు గ్నోమ్‌ను తీసేసి తర్వాత కేడీఈ వేసుకోండి" అంటూ ప్రోగ్రాములను సెట్టింగ్‌లతో సహా తీసేసే ఆప్ట్-గెట్ పర్జ్ కమాండ్ ఇచ్చారు. గ్నోమ్ పక్కన స్టార్ గుర్తు, చివర ఇక ఎవరికీ అక్కర్లేదనిపించిన వాటిని ఊడ్చేసే ఆటోరిమూవ్. అది చాలదన్నట్టు, ఏమీ అడగకుండా కానిచ్చేయమనే 'మైనస్ వై' కూడా తగిలించారు. గ్నోమ్ పేరుతో మొదలయ్యేవన్నీ పోతాయి. ఆ కమాండ్‌ను గ్నోమ్ టెర్మినల్ అనే విండోలో కొట్టి ఉంటే, అదీ ఆ జాబితాలోదే. తెర వెనక సెట్టింగ్‌లు చూసుకునే గ్నోమ్ సెట్టింగ్స్ డీమన్ పోతే దాని మీద ఆధారపడ్డ జీడీఎం3, అంటే లాగిన్ స్క్రీన్, కూడా పోతుంది. డెబియన్ అనే లైనక్స్ రకంలో అయితే గ్నోమ్‌తో పాటు వచ్చిన, వైఫై కనెక్షన్ చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ కూడా ఆటోరిమూవ్‌లో కొట్టుకుపోవచ్చు. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద అక్షరాల లాగిన్, వైఫై లేదు. ఇక కేడీఈని ఎక్కడి నుంచి దించుకుంటారు? ఇది రాసినవాళ్లు ఒక్కసారైనా నడిపి చూశారా? మొదటిసారి లైనక్స్ పట్టుకున్న మనిషి ఆ తెర చూసి భయపడి మళ్లీ ఇటు రాడు. నా బాధంతా అదే.

రెండు డెస్క్‌టాప్‌లూ ఒకే మెషీన్‌లో ఉండొచ్చు. మెనూలో రెండు ఫైల్ మేనేజర్లు, రెండు టెక్స్ట్ ఎడిటర్లు కనిపిస్తాయి, అంతే. ముందు ప్లాస్మా వేసుకోండి. లాగిన్ స్క్రీన్‌లో మీ పేరు నొక్కాక మూలన పళ్లచక్రం గుర్తు వస్తుంది, అందులో ఏది కావాలో ఎంచుకోండి. కొన్నాళ్లు వాడాక కూడా గ్నోమ్ వద్దనిపిస్తే, తీసేసే కమాండ్‌ను ముందుగా ఒకసారి 'మైనస్ ఎస్' తగిలించి నడపండి. ఏమేం పోతాయో జాబితా చూపిస్తుంది, దేన్నీ ముట్టుకోదు. అందులో జీడీఎం3 కానీ నెట్‌వర్క్‌మేనేజర్ కానీ కనిపిస్తే అక్కడే ఆగిపోండి.