యాసను వెక్కిరిస్తాం, ‘జరిగింది’ని వదిలేస్తాం

తుపాను హెచ్చరికలో అన్నిటికంటే ముఖ్యమైన మాట క్రియ. ‘తుపాను తీరం దాటుతోంది’ అంటే ఇప్పుడే దాటుతున్నట్టు. ‘తుపాను తీరం దాటుతుంది’ అంటే ఇంకా దాటలేదు, దాటబోతోందని. టీవీ తెర కింద పరుగెత్తే అక్షరాల్లో ఈ రెండూ కలిసిపోయి చాలాకాలమైంది. కురుస్తున్న వానకూ ‘కురుస్తుంది’, రేపు కురవబోయే వానకూ ‘కురుస్తుంది’. ఇంట్లోనే ఉండాలా, పునరావాస కేంద్రానికి బయల్దేరాలా అని చూస్తున్న మనిషికి ఆ తేడాయే కావాలి. వార్త దాన్నే మింగేస్తోంది.

ఇదే సంగతి వరంగల్ పల్లెలో అడగండి. ఇప్పుడు పడే వానకు ‘పడుతున్నది’ అంటారు, రేపు పడే వానకు ‘పడతది’ అంటారు. రాయలసీమలో ‘పడతాంది’ వేరు, ‘పడతాది’ వేరు. ఎవరి యాసను మొరటుదని నవ్వుకుంటామో వాళ్ల నోట కాలభేదం చెక్కుచెదరలేదు. ప్రమాణమని చెప్పుకునే తెలుగులోనే అది చెరిగిపోతోంది. భాష మీద మన చిరాకులు చాలావరకు ఇలా తప్పు చోట పడుతున్నాయి.

‘వచ్చిండు’ అనే మాటనే తీసుకోండి. దీన్ని ‘వచ్చాడు’కు పాడైన రూపం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండింటికీ మూలం ‘వచ్చినాడు’. తెలంగాణలో నడుమ ఉన్న ‘ఆ’ జారిపోయి, మిగిలిన నకారం ‘డు’తో కలిసి ‘వచ్చిండు’ అయింది. కోస్తాలో నకారమే జారిపోయి ‘వచ్చాడు’ మిగిలింది. రాయలసీమ అసలు రూపాన్నే ‘వచ్చినాడు’గా అట్టిపెట్టుకుంది. కోస్తా ‘వచ్చాడు’లోని దీర్ఘం నిజానికి ఆకారం కూడా కాదు. ‘బ్యాంకు’ అన్నప్పుడు వచ్చే ధ్వని అది, దానికి మన లిపిలో అక్షరమే లేదు. అలా పలుకుతూ ఇలా రాయడం అలవాటైన వాళ్లం, ఎదుటివాడు పలికినట్టు రాస్తే మాత్రం తప్పు పడుతున్నాం.

బహువచనంలో ఇది ఇంకా స్పష్టం. ఇల్లుకు కోస్తాలో ఇళ్లు, తెలంగాణలో ఇండ్లు. పండుకు పళ్లు, పండ్లు. పాత కావ్యభాష రూపాలు ఇండ్లు, పండ్లే. అవి నాలుక మీద అరిగి ఇళ్లు, పళ్లు అయ్యాయి. కొత్త రూపాన్ని నాగరికమని, పాత రూపాన్ని పల్లెటూరిదని అనడానికి భాషాశాస్త్రంలో ఆధారం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ‘ఇందిరమ్మ ఇళ్లు’గా ఉన్న పథకం పేరు ఇప్పుడు తెలంగాణలో ‘ఇందిరమ్మ ఇండ్లు’. ఇది రాజకీయ ఆర్భాటం అనుకునేవాళ్లు ఉన్నారు. నా దృష్టిలో ఊళ్లో అనే మాట ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కడమే, ఇంకా ముందే జరగాల్సిన పని.

యాసకు నియమాలు ఉండవనే నమ్మకం ఎంత తప్పో, దాన్ని అనుకరించేవాళ్లను చూస్తే తెలుస్తుంది. తెలంగాణ మాట తెలియని రచయిత ప్రతి క్రియకూ ‘ఇండు’ తగిలిస్తాడు. నేను వచ్చిన, నువ్వు వచ్చినవ్, వాడు వచ్చిండు, ఆమె వచ్చింది, మేము వచ్చినం, వాళ్లు వచ్చిన్రు. ఇదీ వరస. ‘నేను వచ్చిండు’ అనేవాళ్లు తెలంగాణలో ఏ ఊళ్లోనూ దొరకరు. ఉత్తరాంధ్ర మాట విషయంలోనూ ఇంతే. చకారాలన్నీ సకారాలు చేస్తే సరిపోతుందనుకుంటారు. సెప్పు, సేను, సూడు అని మాట మొదట్లో చకారం మారేది నిజమే. కానీ పచ్చడిలో జంట చకారం మారదు, మంచిలో సున్నా తర్వాతి చకారం మారదు. ‘పస్సడి’, ‘మంసి’ అనిపించే సంభాషణ శ్రీకాకుళం మనిషికి వెంటనే కృతకంగా వినిపిస్తుంది. నవ్వించాలనుకున్న చోట అవమానం మిగులుతుంది. సినిమాల్లో నాయకుడికి కృష్ణా గోదావరి పలుకుబడి ఇచ్చి, హాస్యగాడికీ రౌడీకీ మిగతా ప్రాంతాల మాట పంచిపెట్టిన దశాబ్దాల అలవాటు 2014 తర్వాత బాగానే తగ్గింది. నియమం తెలియకుండా యాస రాసే అలవాటు అంతగా తగ్గలేదు.

అయితే ప్రాంతభేదం ఎప్పుడూ ఇబ్బంది పెట్టదని కాదు. అవ్వ అంటే తెలంగాణలో చాలాచోట్ల అమ్మ, రాయలసీమలో నాయనమ్మో అమ్మమ్మో. ‘కందగడ్డ’ తెమ్మని కరీంనగర్ మనిషి అడిగేది చిలగడదుంప. గోదావరి జిల్లాల్లో కంద అంటే పులుసులో పచ్చడిలో పడే, చేతులు దురదపెట్టే పెద్ద దుంప. ‘నీ కోసం చెప్పాడు’ అంటే విశాఖ వైపు చాలామంది నోట ‘నీ గురించి చెప్పాడు’ అని అర్థం. మిగతా చోట్ల అది వేరే వాక్యం. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు నేలను ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలుగా విడదీసి చూపించారు. ఆయన ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. రెండు రాష్ట్రాల్లో పనిచేసే విలేకరికీ, వైద్యుడికీ, బ్యాంకు ఉద్యోగికీ అక్కరకొచ్చేది ఇలాంటి జాబితా. అర్థం తేడా పడే మాట ఎదురైతే పక్కన ఇంకో మాట చేర్చి అడిగితే సరిపోతుంది. ‘అవ్వ అంటే మీ అమ్మగారేనా?’ అని ఒక్క ప్రశ్న.

మర్యాద దగ్గర అపార్థం ఇంకా లోతు. కోస్తా నుంచి హైదరాబాద్ వచ్చినవాళ్లను ముందుగా నొప్పించేది ‘నువ్వు’. వయసులో పెద్దవాడిని నువ్వంటారా అని. తెలంగాణ ఇంట్లో ‘ఎప్పుడొచ్చినవ్ పెద్దనాయిన?’ అన్నప్పుడు గౌరవం ‘పెద్దనాయిన’లో ఉంది. క్రియలో వెతికితే దొరకదు. గోదావరి వైపు అదే గౌరవం ‘ఎప్పుడొచ్చారండి’లోని ‘అండి’లో ఉంటుంది. ఒకరు వరసతో పలకరిస్తే, ఇంకొకరు ప్రత్యయంతో పలకరిస్తారు.

ఇక నిజంగా కోపం రావాల్సిన చోటు. అది ఏ జిల్లాదీ కాని, ఏ ఇంట్లోనూ పుట్టని తెలుగు. ఒక నమూనా వాక్యం చూడండి: ‘గౌరవ మంత్రి గారి యొక్క చేతుల మీదుగా 20 మంది లబ్ధిదారులకు ఇళ్ల పట్టాలు పంపిణీ చేయడం జరిగింది మరియు మిగిలిన వారికి త్వరలో ఇవ్వడం జరుగుతుంది.’ ఇలాంటివి పత్రికా ప్రకటనల్లో రోజూ కనిపిస్తాయి, వేదికల మీద వినిపిస్తాయి.

దీన్ని విప్పుదాం. ‘గారి యొక్క చేతులు’లో ‘యొక్క’ దండగ. ‘గారి’ అన్నప్పుడే షష్ఠి, అంటే ఎవరివో చెప్పే విభక్తి, వచ్చేసింది. ‘మరియు’ మనకు అక్కర్లేదు. తెలుగు రెండు మాటల్ని చివరి అచ్చు సాగదీసి కలుపుతుంది: అమ్మా నాన్నా, ఆవూ దూడా. రెండు వాక్యాలైతే రెండుగా రాస్తే చాలు. అసలు జబ్బు ‘చేయడం జరిగింది’. తెలుగు క్రియ తన కొసలో కర్తను మోస్తుంది. చేశాను, చేశాం, చేశావు, చేశారు, చేసింది అన్నప్పుడు పేరు చెప్పకపోయినా ఎవరో కొంతైనా తెలుస్తుంది. ‘జరిగింది’ ఆ కొసను కోసేస్తుంది. నేను చేసినా, వాళ్లు చేసినా, ఎవరూ చేయకపోయినా ఒకటే రూపం. ఇంగ్లీషు కర్మణి వాక్యాల్ని అనువదిస్తూ ఒకప్పుడు ‘చేయబడినది’ అని రాశారు. ‘బడు’ బాగోలేదని పంతుళ్లు దిద్దితే, దాన్ని వదిలి ఈ ‘జరగడం’లోకి వచ్చిపడ్డారు.

సరిచేసి చూస్తే: ‘మంత్రి 20 మందికి ఇళ్ల పట్టాలు ఇచ్చారు. మిగిలిన వారికి...’ ఇక్కడ కలం ఆగుతుంది. మిగిలిన వారికి ఎవరిస్తారు? తహసీల్దారా, కలెక్టరా? ఏ తేదీన? ‘ఇస్తాం’ అని రాస్తే రాసిన కార్యాలయం మాటకు కట్టుబడాలి. ‘ఇవ్వడం జరుగుతుంది’కి ఎవరూ కట్టుబడనక్కర్లేదు. పట్టా కోసం తిరిగే మనిషికి ఇది వ్యాకరణ చర్చ కాదు, ఎవరి గుమ్మం తొక్కాలనే ప్రశ్న.

గిడుగు రామమూర్తి పుట్టిన ఆగస్టు 29న ఆంధ్రప్రదేశ్‌లో, కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9న తెలంగాణలో భాషా దినోత్సవాలు చేసుకుంటున్నాం. జనం నోటి మాట కోసం ఇద్దరూ పోరాడారు. వారి పేర సభ పెట్టి ‘ఈ కార్యక్రమాన్ని నిర్వహించడం జరుగుతోంది’ అని మొదలుపెట్టడం వారి పోరాటానికి విరుద్ధం.

ఒత్తుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ఎగతాళి వాటి మీదే. ఇక్కడ ఒత్తులంటే ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తి పలికే అక్షరాలు. అచ్చతెలుగు మాటల్లో అవి దాదాపు లేవు. చెట్టు, పుట్ట, నీరు, నిప్పు, దేనిలోనూ ఉండవు. సంస్కృతం నుంచి వచ్చిన ‘బాధ’ను పల్లెలో ‘బాద’ అని పలికితే అది తెలుగు నాలుక సహజ గుణం. రాతలో ‘భాద’ అని కనిపించేది వేరే తప్పు. ఒత్తు ఉండాలని తెలుసు, ఎక్కడో తెలియదు. ఫ్లెక్సీల మీద ‘అవార్డుల ప్రధానోత్సవం’ అలాంటిదే. ఇవ్వడం ప్రదానం, ముఖ్యమైనది ప్రధానం. మాట చెప్పే భావం అర్థం, సగం అర్ధం. ఈ నాలుగూ బడిలో ఒక పూట నేర్పవచ్చు. పిల్లవాడు ‘నేను బడికి పోయిన’ అని రాస్తే ఎర్ర సిరా గీసే ఉపాధ్యాయులు ఆ సిరాను ఇక్కడ వాడాలి. ‘పోయిన’ పక్కన ‘వెళ్లాను’ అనే రూపమూ ఉందని చెప్పాలి, కొట్టివేయకూడదు.

ప్రకటనలు రాసేవాళ్లు, ఉపసంపాదకులు ఈ రోజే చేయగల పని ఒకటుంది. ఫైలు పంపేముందు వెతుకు పెట్టెలో నాలుగు మాటలు కొట్టండి: జరిగింది, యొక్క, మరియు, కలిగి. ‘యొక్క’, ‘మరియు’ దాదాపు ప్రతిచోటా తీసేయవచ్చు. ‘ఈ ఫోను పెద్ద తెర కలిగి ఉంది’ని ‘ఈ ఫోనుకు పెద్ద తెర ఉంది’గా మార్చండి. ‘జరిగింది’ దగ్గర మాత్రం ఆగి చూడాలి. ‘ప్రమాదం జరిగింది’, ‘పెళ్లి జరిగింది’ చక్కని తెలుగు, ముట్టుకోవద్దు. దానికి ముందు ‘చేయడం’, ‘ఇవ్వడం’, ‘తీసుకోవడం’ లాంటి మాట ఉంటే ఆ పని ఎవరు చేశారో కనుక్కుని, వాళ్లకు తగిన కొసతో క్రియ రాయండి. ఎవరో తెలియకపోతే వాక్యం అలాగే పంపకుండా, ప్రకటన ఇచ్చిన కార్యాలయానికి ఫోన్ చేసి అడగండి.