సారాంశంలో దాగిపోతున్న ఫలితం

వైద్య పరిశోధన పత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివేవారు తక్కువ. వైద్య పత్రాలను వెతికిపెట్టే ఉచిత ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్‌లో చూసే వైద్యుడికి పత్రం పేరు, దాని కింద రెండు మూడు వందల పదాల సారాంశం ఉచితంగా కనిపిస్తాయి. పూర్తి పాఠం చాలాసార్లు చందా కట్టినవారికే దొరుకుతుంది. 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు వేలాది జర్నళ్లను అందుబాటులోకి తెచ్చినా, భీమవరంలోనో కరీంనగర్‌లోనో సొంత ఆసుపత్రి నడుపుకొనే వైద్యుడికి ఇప్పటికీ తరచుగా ఆ సారాంశమే ఆధారం. కాబట్టి అందులో తప్పు దొర్లితే అది రోగి మందుల చీటీ దాకా వెళ్లగలదు.

ఈ భయం ఊహ కాదు. 1999లో రాయ్ పిట్కిన్ బృందం ఆరు వైద్య జర్నళ్లను పరిశీలించి, సారాంశంలోని సమాచారం అసలు పత్రంతో పొసగని లేదా అందులో ఎక్కడా కనిపించని వ్యాసాలు జర్నల్‌ను బట్టి 18 నుంచి 68 శాతం వరకు ఉన్నాయని అమెరికా వైద్య సంఘం జర్నల్ ‘జామా’లో వెల్లడించింది. అంతకంటే కలవరపరిచేది 2010లో అదే జర్నల్‌లో వచ్చిన ఇసబెల్ బూత్రోన్ బృందం అధ్యయనం. ప్రధాన ఫలితంలో గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా తేలని 72 క్లినికల్ ట్రయల్స్‌ను (మనుషులపై చికిత్సను పరీక్షించే అధ్యయనాలను) వారు తీసుకోగా, 58 శాతం పత్రాల సారాంశాల్లో ముగింపు వాక్యాలు చికిత్స పనిచేసిందన్న భావన కలిగించేలా ఉన్నాయి.

ఇది ఎలా జరుగుతుందో చూడాలి. కొత్త మందు తీసుకున్నవారికీ, పాత మందు తీసుకున్నవారికీ నొప్పి సమానంగానే తగ్గిందనుకుందాం. ‘కొత్త మందుతో నొప్పి గణనీయంగా తగ్గింది’ అని సారాంశంలో రాస్తే అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, కానీ పోల్చవలసిన రెండో వర్గాన్ని వదిలేయడం వల్ల పాఠకుడు మోసపోతాడు. ప్రధాన ఫలితాన్ని పక్కనపెట్టి, అనుకూలంగా వచ్చిన ఏదో ఉపవర్గపు అంకెను ముందుకు తేవడం మరో మార్గం.

1980ల చివర నుంచి నేపథ్యం, పద్ధతులు, ఫలితాలు, ముగింపు అనే శీర్షికలతో సారాంశం రాసే పద్ధతి వ్యాపించింది. అది మేలే చేసింది గానీ, శీర్షిక కింద ఏం రాయాలో శీర్షిక చెప్పదు. ఆ లోటును, ట్రయల్ వివరాలను ఎలా రాయాలో చెప్పే 2008 నాటి కన్సార్ట్ మార్గదర్శకాలు చాలావరకు తీర్చాయి: ప్రధాన ఫలితం, ప్రతి వర్గంలోని రోగుల సంఖ్య, దుష్ప్రభావాలు, నిధుల వనరు, ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు సారాంశంలోనే ఉండాలన్నాయి. మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐ నంబరు ఉంటే, పరిశోధకులు మొదట ఏ ఫలితాన్ని ప్రధానమని ప్రకటించారో ఎవరైనా ఉచితంగా సరిచూసుకోవచ్చు.

పీజీ విద్యార్థి సారాంశాన్ని గైడ్ ఆమోదించే ముందు ప్రతి అంకెనూ ఫలితాల పట్టికతో పోల్చి, పట్టికలో లేనిదాన్ని కొట్టేయించాలి. పదాల పరిమితి వల్ల దుష్ప్రభావాలకు చోటు చాలలేదన్న వాదన నాకు సమంజసంగా అనిపించదు. ‘ఈ అంశంపై మరిన్ని అధ్యయనాలు అవసరం’ అనే, దాదాపు ఏ పత్రానికైనా అతికే ఆఖరి వాక్యాన్ని తీసేస్తే, ఎంతమంది రోగులు ఏ కారణంతో మందు మానేశారో చెప్పడానికి ఆ చోటు సరిపోతుంది.