యల్లాప్రగడ సుబ్బారావు గారి అనర్హతలు

జీవరసాయన శాస్త్రవేత్త సుబ్బారావు గారికి అన్యాయం జరిగిందని ఏటా ఆయన జయంతినాడు వాపోయేవారిని చూస్తే మాకు జాలి కలుగుతుంది. ఆయన ఫైలును నిబంధనల ప్రకారం తిరగేసిన ఏ ఎంపిక సంఘానికైనా, అన్యాయం జరిగింది నిబంధనలకేనని ఇట్టే తెలిసిపోతుంది.

1895లో భీమవరంలో పుట్టిన ఈ అభ్యర్థి, పదమూడో ఏట అరటిపళ్లు అమ్ముకుందామని కాశీకి ఉడాయించబోయాడు (అనుభవ ధ్రువపత్రం జతపరచలేదు). మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. మద్రాసు వైద్య కళాశాలలోనైతే ఖద్దరు దుస్తులు తొడుక్కుని ఆపరేషన్ గదిలోకి వెళ్లాడు. శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది కంటగింపు కావడంతో, ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట అంతకంటే చిన్న పట్టా ఎల్.ఎం.ఎస్. చేతిలో పడింది. చేతిలో కత్తి ఎంత కుదురుగా ఉందన్నది ఎవరైనా చూస్తారు. చొక్కా ఏ నూలుదో పసిగట్టడానికే ఆచార్యత్వం కావాలి.

బోస్టన్ చేరాక, ఆసుపత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్ట పోసుకున్నాడు. మన దరఖాస్తు ఫారంలో దీనికి గడి లేదు. ఫొటోలూ పేపరు కటింగూ జతచేసి ఉంటే, సమాజసేవ కింద రెండు మార్కులు వేయడానికి మాకేమీ అభ్యంతరం ఉండేది కాదు.

1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, శరీర ద్రవాలలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి లెక్కగట్టే పద్ధతిని కనిపెట్టాడు. ఆ నీలం నేటికీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో పరీక్షనాళికల అడుగున తేలికగా మొదలై చూస్తుండగానే ముదురుతుంది. రికార్డులో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని శీర్షిక పెట్టి గీత కొట్టే విద్యార్థికి ఆ రెండో పేరు భీమవరం వాడిదని తెలియకపోయినా మార్కులు తగ్గవు. తర్వాత కండరాలు శక్తిని దాచుకునే ఫాస్ఫోక్రియాటిన్‌నూ, కణానికి శక్తినందించే కూలిడబ్బుల్లాంటి ఏటీపీనీ ఈ ఇద్దరూ వెలికితీశారు. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. రెండో రచయితకు మార్కులు కోసేది మన నియమావళి ఒక్కటే అనుకోవడం అజ్ఞానం.

1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లిపోయి, అక్కడా పద్ధతిగా నడుచుకోలేదు. కణాలు పెరగడానికి కావలసిన విటమిన్ ఫోలిక్ ఆమ్లం. ఆ జాతి మందులు ఇస్తే రక్తక్యాన్సర్ పిల్లల్లో జబ్బు ఇంకా ఎగదోసినట్టు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడికి అనిపించింది. మన దగ్గరైతే అక్కడితో ప్రాజెక్టు మూసేసి, నిధులు ఖర్చయ్యాయని యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపి, మిగిలిన డబ్బుతో ఒక సెమినార్ పెట్టేవాళ్లం. సుబ్బారావు బృందం మాత్రం, కణం ఫోలిక్ ఆమ్లమే అనుకుని మింగి పస్తుండిపోయే నకిలీని తయారుచేసి ఇచ్చింది. దాని పేరు అమినోప్టెరిన్. 16 మంది పిల్లల్లో 10 మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. ఆ ఉపశమనాలు తాత్కాలికమని పత్రం శీర్షికలోనే ఉన్న సంగతిని సంఘం ప్రత్యేకంగా గమనించాలి. రచయితల జాబితాలో మన అభ్యర్థి పేరు అసలే లేదు కనుక, ఈ పత్రానికి సున్నా. దాని సోదర ఔషధం మెథోట్రెక్సేట్‌ను నేటికీ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ రాసిస్తున్నారంటే, అది మందుల చీటీ, ప్రచురణ కాదు.

రెండు నెలలకే, 53 ఏళ్లకు, పత్రాలనూ వాటి ప్రస్తావనలనూ లెక్కగట్టే హెచ్-ఇండెక్స్ పెంచుకునే వయసులో, కన్నుమూశాడు. ఇది కూడా ముందస్తు అనుమతి లేకుండానే.

అయితే మన ప్రభుత్వం మరీ కఠినమైనదేమీ కాదు. 1995లో శతజయంతికి తపాలాబిళ్ల వేసింది. శాశ్వత ఉద్యోగపు కాగితం మీద ఏ విశ్వవిద్యాలయమూ కొట్టని ముద్రను, ఆయన ముఖం మీదే మన పోస్టాఫీసులు శ్రద్ధగా కొట్టాయి.