కోతికి న్యాయం జరగాలి

రెండు పిల్లులు, ఒక రొట్టె, తక్కెడ పట్టుకున్న కోతి. ఈ కథ చెప్పి చెప్పి పిల్లల మనసుల్లో కోతి మీద దురభిప్రాయం నాటేశారు. నిదానంగా ఆలోచిస్తే అది చేసిన తప్పేంటి? రెండు పళ్లేలూ సమంగా తూగాలని తాపత్రయపడింది. మధ్యలో కాస్త నోరాడించింది, నిజమే. చేసిన శ్రమకు కూలి ఉండాలి కదా.

ఇంగ్లండ్‌లో పాత అడవుల పక్కన సెలవులకు వచ్చేవాళ్ల విడిదులైన హాలిడే పార్కులను పెంచే ప్రతిపాదన చూసినప్పుడల్లా నాకు ఆ కోతి గుర్తొస్తుంది. 'అభివృద్ధికీ ప్రకృతికీ మధ్య సమతుల్యం' అన్న మాట చదివితే తక్కెడ చప్పుడు వినిపిస్తుంది. మొదటి విడతలో సగం అడవి పార్కుకి, సగం పక్షులకి. కొన్నేళ్లకు రెండో విడత. లెక్క మళ్లీ మొదటి నుంచి: మిగిలిన దాంట్లో చెరిసగం. ఇంతకన్నా ధర్మంగా ఎవరు పంచుతారు?

మొండితనమంతా అడవిదే. బ్రిటన్ నేల మొత్తంలో ప్రాచీన అడవి మిగిలింది దాదాపు 2.5 శాతం. అంటే 97.5 శాతం విషయం ఇప్పటికే సామరస్యంగా తేలిపోయింది. ఇంత దూరం వచ్చాక ఈ కాస్త దగ్గర పంతానికి పోవడం మర్యాద కాదు.

అసలు ప్రాచీనం అంటే ఏమిటని ఆరా తీశాను. ఇంగ్లండ్‌లో అయితే కనీసం 1600 నుంచి ఎడతెగకుండా అడవిగా ఉన్న చోటు. స్కాట్లండ్‌లో 1750 నుంచి. పైన ఉన్న చెట్లు అంత ముసలివి కానక్కర్లేదట, కింద నేల చెదరకుండా ఉంటే చాలట. అంటే ఇంత గొడవా మట్టి కోసమన్నమాట! ఆ మట్టిలో సన్నని శిలీంధ్రపు దారాలు చెట్ల వేళ్లకు నీళ్లూ పోషకాలూ అందిస్తాయనీ, ఆ అల్లికకు శతాబ్దాలు పట్టిందనీ తెలిసినవాళ్లు చెబుతారు. కాదనను. కానీ వైఫై కేబుల్ వేయాల్సింది కూడా ఆ మట్టిలోనే. అతిథులకు సిగ్నల్ అందకపోతే టెన్షన్ ఎవరికి, శిలీంధ్రాలకా?

చట్టం కూడా చిత్రంగా ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్‌లో పెద్ద నిర్మాణాలు చేసేవాళ్లు జీవవైవిధ్యాన్ని ముందున్నదానికంటే కనీసం 10 శాతం పెంచి చూపించాలి. అక్కడికక్కడే కుదరకపోతే వేరేచోట పెంచినా ఒప్పుకుంటారు. ఎంత సుఖమైన పద్ధతి! తీరా పాత అడవి దగ్గరికొచ్చేసరికి 'ఇది పోతే మళ్లీ రాదు, ఈ లెక్కలో పడదు' అంటారు. జాతీయ ప్లానింగ్ విధానమైతే పూర్తిగా అసాధారణమైన కారణం, తగిన పరిహార పథకం ఉంటే తప్ప దాన్ని పాడుచేసే నిర్మాణానికి అనుమతి వద్దంటుంది. మూడు మలుపుల వాటర్ స్లైడ్ అసాధారణం కాకపోతే ఇంకేది అసాధారణం?

అడవి అంచు నుంచి కనీసం 15 మీటర్లు వదలమని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ 'కనీసం' అన్న మాటను పార్కులు కట్టే మావాళ్లు పెద్దగా పట్టించుకోరు, నాకూ అవసరం కనిపించలేదు. పాటల హోరు, ఫ్లడ్‌లైట్లు, పెంపుడు కుక్కలు సరిగ్గా పదిహేనో మీటరు దగ్గర ఆగి వెనక్కి తిరిగొస్తాయని ప్లాను గీసినవాళ్ల నమ్మకం. అయినా బార్బస్టెల్ గబ్బిలాలకు వెలుతురు పడదని ఫిర్యాదు. పడనివాళ్లు కర్టెన్లు వేసుకోవాలి.

ఇక హేజెల్ డార్మౌస్ అనే ఎలుకలాంటి చిన్న జీవి. బంగారు రంగు, బొద్దు తోక, బొటనవేలంత ఒళ్లు. చలికాలం మొత్తం నేలమీద రాలిన ఆకుల కింద ముడుచుకుని పడుకుంటుంది. దాన్ని కదిలిస్తే చట్టం ఊరుకోదు. కదిలించమని నేనూ అనను. ప్రజాభిప్రాయ సేకరణ డిసెంబరులో పెట్టుకోండి, చాలు. 'స్థానిక నివాసుల నుంచి అభ్యంతరాలు రాలేదు' అని మనస్ఫూర్తిగా రాసుకోవచ్చు.

ఈ మాత్రం తెలివి లేకే కొందరు నష్టపోతున్నారు. వెస్ట్ ససెక్స్‌లోని ఓల్డ్‌హౌస్ వారెన్ అడవిలో హాలిడే పార్క్ కడతామని సెంటర్ పార్క్స్ అనే హాలిడే పార్కుల కంపెనీ 2021లో ప్రకటించింది. పర్యావరణ సర్వేలు చేయించుకుని, ఆ చోటు తగదని 2023లో మానుకుంది. సర్వే చేయించుకోవడం వరకు సరే, దాన్ని చదవడమెందుకు?

అడవికి విస్తరణ ప్రణాళికే లేదని నేననను. వుడ్ అనెమనీ అని ఒక తెల్లపువ్వు మొక్క ఉంది. విత్తనాల మీద పెద్దగా ఆధారపడదు, నేలలోనే పాకుతుంది. దాని వేగం వందేళ్లకు ఆరడుగులు. ఇబ్బందల్లా ఏమిటంటే, అది పాకబోయే ఆ ఆరడుగుల్లోనే మూడో విడత కార్ పార్కింగ్ వస్తోంది. ఇద్దరిలో ఒకరు ఆగాలి. శుక్రవారం సాయంత్రానికి అతిథులు దిగుతున్నారు, దానికా ఏ తొందరా లేదు.