లడ్డూ వేలానికి మైకు ఉంది, డ్రాఫ్ట్ బోర్డుకి గోడ లేదు

2025 ఆగస్టు 30 శనివారం, అమెరికాలోని మన తెలుగు సంఘం చవితి సంబరాల్లో పక్కగదిలో ఏం జరిగిందో సభ్యులందరికీ తెలుసు. వాట్సాప్ పుణ్యమా అని జరిగినదానికంటే కాస్త ఎక్కువే తెలుసు. ఫాంటసీ ఫుట్‌బాల్ అంటే అసలు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళతో ఎవరికి వారు ఊహా జట్టు కట్టుకుని ఆడే ఆట. ఆ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్, ఒక్కో ఎంపిక ఒక పిక్. మన పన్నెండు జట్ల డ్రాఫ్ట్ తొమ్మిదో రౌండులో ఆగిపోయింది. పులిహోర ట్రేలకి బల్లలు కావాలన్నారు. ఎవరు ఎవర్ని తీసుకున్నారో స్టిక్కర్లతో చూపే గోడమీది బోర్డు పీకి, చుట్ట చుట్టి, చెప్పుల స్టాండు పక్కన నిలబెట్టారు. అంతటితో పోయినా సర్దుకునేవాళ్ళు. కమిటీ పెద్ద ఒకరు మైకు అందుకుని "గణపతి సన్నిధిలో ఈ పేకాట ఏమిటి బాబూ" అన్నారు. తర్వాత అదే మైకులో లడ్డూ వేలం మొదలైంది.

ఆ మాట ఊరికే పుట్టలేదు, ఒప్పుకోవాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులోనే ఢిల్లీలో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టం చేసింది. ఆ వార్తలు చూస్తున్న పెద్దలకి 'ఫాంటసీ' అన్న మాట వినగానే అప్పులపాలైన కుర్రాళ్ళే గుర్తొస్తారు. అమెరికాలో లెక్క వేరు. ఇంటర్నెట్ జూదం చెల్లింపుల మీద 2006లో వచ్చిన ఫెడరల్ చట్టం, బహుమతులు ముందే ప్రకటించి, ఫలితం తెలివిమీదా పరిజ్ఞానంమీదా ఆధారపడే ఫాంటసీ ఆటల్ని పక్కన పెట్టింది. రాష్ట్రాల నిబంధనలు మళ్ళీ ఎవరివి వాళ్ళవి. ఈ పేచీయే వద్దనుకుంటే డబ్బు తీసేసి ఒక షీల్డు పెట్టండి. బోర్డుకీ డబ్బుకీ సంబంధం లేదు. అన్నట్టు, మన పిక్నిక్కుల్లో చెట్టుకింద దుప్పటి పరిచి సాయంత్రం దాకా సాగే రమ్మీని ఇంతవరకూ ఎవరూ మైకులో మందలించలేదు.

లడ్డూ వేలాన్ని తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకి మొదలైన పాట 2025లో 35 లక్షలకి చేరింది. నలుగురి ముందు, గొంతెత్తి, ఒకటోసారి, రెండోసారి అంటూ సాగుతుంది కాబట్టే దానికా గౌరవం. డ్రాఫ్ట్ బోర్డుదీ అదే సూత్రం. తలుపు మూసి, ఎవరి ఫోనులో వాళ్ళు తల దూర్చి ఎంచుకుంటే అది చూసేవాళ్ళకి పేకాటలాగే ఉంటుంది. ఆరడుగుల బోర్డు గోడకెక్కితే అది నలుగురూ చూసే లెక్క అవుతుంది. ఈ ఆట పుట్టుకలోనే ఆ బహిరంగం ఉంది. 1962లో ఓక్లాండ్ రైడర్స్ ఫుట్‌బాల్ జట్టు భాగస్వామి బిల్ వింకెన్‌బాక్ మిత్రులతో కలిసి దీన్ని ఊహించాడు. 1963 ఆగస్టులో ఆయన ఇంట్లోనే మొదటి డ్రాఫ్ట్ జరిగింది. అందరూ ఒక గదిలో కూర్చుని, పేరు పైకి చెప్పి తీసుకున్నారు. అందులో మొదటి పిక్ జార్జ్ బ్లాండా అనే ఆటగాడు.

ఇప్పుడు మన తప్పు. బోర్డు పీకకముందే డ్రాఫ్ట్ సగం చెడిపోయింది, అదీ మొదటి రౌండులోనే. ఒకరు అట్లాంటా రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తే ఆటగాడు) బీజాన్ రాబిన్సన్‌ని తీసుకున్నారు. స్టిక్కర్ అంటించే కుర్రవాడు బ్రయన్ రాబిన్సన్ స్టిక్కర్ ఒలిచి పెట్టేశాడు. ఇద్దరూ బి. రాబిన్సన్‌లే, ఇద్దరూ రన్నింగ్ బ్యాకులే, రంగు ఆడే స్థానాన్ని బట్టి కాబట్టి రెండు స్టిక్కర్లదీ ఒకే రంగు. అందుకే గదిలో ఒక్క కన్నూ దాన్ని పట్టుకోలేదు. తొమ్మిదో రౌండులో ఇంకొకరు బ్రయన్‌ని అడిగితే స్టిక్కర్ల షీటులో ఆ చోటు ఖాళీగా ఉంది. "ఎప్పుడో వెళ్ళిపోయాడు" అన్నారు. ఆయన వేరేవాణ్ణి తీసుకున్నారు. మరో రెండు పిక్‌ల తర్వాత షీటులో బీజాన్ పేరు చెక్కుచెదరకుండా కనబడింది. ఆ గోల జరుగుతుండగా పులిహోర వచ్చింది.

పెళ్ళి చదివింపులు చూసినవాళ్ళెవరూ ఈ తప్పు చేయరు. అక్కడ ఒకరు మైకులో ఇంటిపేరుతో సహా చదువుతారు, ఒకరు పుస్తకంలో రాస్తారు, రాసింది మళ్ళీ పైకి చదువుతారు. ఇంట్లో నలుగురు శ్రీనివాసులున్నా నూటపదహార్లు ఎవరివో తేడా రాదు. డ్రాఫ్ట్‌కీ ముగ్గురు కావాలి. ఒకరు పిక్‌ని పూర్తి పేరు, జట్టు, పొజిషన్‌తో ప్రకటించాలి. ఒకరు స్టిక్కర్ అంటించి, దానిమీద అచ్చయినది తిరిగి చదవాలి. మూడోవారు లాప్‌టాప్‌లో ఎక్కించాలి. ఈ ముగ్గురిలో జట్టున్నవారు ఉండకూడదు. తన వంతు దగ్గరపడేసరికి అంటించేవాడి ధ్యాస బోర్డుమీద ఉండదు. ఒట్టి 'విలియమ్స్' అని అరిస్తే ఒప్పుకోకండి. కేలబ్, కైరెన్, జవాంటే, జేమ్సన్, 2025లో నలుగురున్నారు.

స్టిక్కర్ షీట్లతో ఇంకో తంటా ఉంది. ఇవి సీజనుకి చాలా ముందే అచ్చవుతాయి. వేసవి మధ్యలో రిటైరైన మైక్ విలియమ్స్ పేరు పాత షీటులో నిక్షేపంగా ఉంటుంది. పైన చెప్పిన బ్రయన్‌నే తీసుకోండి. ఆగస్టు 22న వాషింగ్టన్ అతన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకి ఇచ్చేసింది. స్టిక్కర్‌మీద బై వీక్ (జట్టుకి ఆట లేని వారం) 12 అని ఉంటుంది, ఆ మార్పుతో అసలు బై వీక్ 14 అయింది. దాన్ని నమ్మి జట్టు కట్టినవాళ్ళకి డిసెంబరులో ఒక స్థానం ఖాళీ. కాబట్టి డ్రాఫ్ట్ ముందురోజు రాత్రి ఒకరు కూర్చుని షీట్లు సరిచూడాలి. జట్టు మారినవాళ్ళకి కిట్‌తో వచ్చే ఖాళీ స్టిక్కర్లమీద కొత్త వివరం రాసి పాతదాని మీద అంటించాలి. ఆట మానేసినవాళ్ళని, సీజనంతా దూరమైనవాళ్ళని మార్కరుతో కొట్టేయాలి. బాల్‌పెన్ను పనికిరాదు, స్టిక్కర్ నునుపుమీద జారుతుంది, పదడుగుల దూరం నుంచి కనబడదు. ఈ పని ఆఖరి వారంలోనే ఎందుకంటే, జట్లన్నీ 53 మందికి కుదించుకునే గడువు ఆ వారంలోనే పడుతుంది. ఈసారి అది ఆగస్టు 26. మొదటి ఆట సెప్టెంబరు 4. మధ్యలో వచ్చిన శనివారమే డ్రాఫ్ట్‌కి సరైన రోజు, తేదీ మాత్రం కమిటీ బాగానే ఇచ్చింది.

బోర్డు చుట్టి వస్తుంది. గోడకి కొట్టేముందు ఒక రాత్రి నేలమీద బోర్లా పరిచి, రెండు కొసల్లో చెరో బియ్యం బస్తా పెడితే వంపు పోతుంది. ఇది చేయకే మన బోర్డు కింది అంచు ఫ్యాను గాలికి లేచి, కొత్తగా అంటించిన స్టిక్కర్లు మడత పడ్డాయి. టేపు నాలుగు మూలలకే వేస్తే చాలదు. పదహారు రౌండులంటే 192 స్టిక్కర్లు, ఆ బరువుకి మధ్యలో జోలెలాగా వేలాడుతుంది. పై అంచు పొడవునా అడుక్కొక ముక్క చొప్పున రంగు గోడని పాడుచేయని నీలం టేపు వేయాలి. ఇటుక గోడ, తెర గుడ్డ వద్దు, వెనక గట్టి అట్ట లేనిదే స్టిక్కర్ నొక్కడం కుదరదు. కింది అంచు కూర్చున్నవాళ్ళ తలలకంటే పైన ఉండాలి, లేకపోతే చివరి నాలుగు రౌండులు ఎవరికీ కనబడవు.

తప్పు స్టిక్కర్ పడితే పీకకండి. కాగితం బోర్డైతే కిందిపొర కూడా ఊడొస్తుంది, ఆ గుంటమీద ఇంకేదీ అంటుకోదు. పైన ఖాళీ స్టిక్కర్ వేసి రాయడమే మేలు.

స్నేక్ పద్ధతిలో అసలు తికమక సరిసంఖ్య రౌండుల్లోనే. మొదటి రౌండు ఎడమ నుంచి కుడికి, రెండోది కుడి నుంచి ఎడమకి. అంటించేవాడి చెయ్యి అలవాటుగా ఎడమకే పోతుంది. దీనికి విరుగుడు రెండు. ప్రతి రౌండు పక్క అంచులో బాణం గీయాలి. ప్రతి గడి మూలలో పిక్ సంఖ్య ముందే రాసిపెట్టాలి. పన్నెండు జట్లలో నాలుగో స్థానం వారికి వచ్చేవి 4, 21, 28, 45. పన్నెండో స్థానం వారికి 12, 13 వెంటవెంటనే వస్తాయి, ఆ తర్వాత 36 దాకా ఎదురుచూపే. పిక్‌లు మార్చుకున్నవాళ్ళుంటే ఆ గడిలో కొత్త యజమాని పేరు పెన్సిలుతో రాయాలి. కీపర్ల (కిందటేడాది నుంచి అట్టేపెట్టుకున్న ఆటగాళ్ళ) స్టిక్కర్లు గడియారం మొదలవకముందే అంటించేయాలి. కుర్చీలు కూడా బోర్డులోని వరస ప్రకారమే వేయండి. తర్వాత ఎవరో అడగనక్కర్లేదు, పక్కకి చూస్తే చాలు.

సమయం లెక్క కమిటీవారు దయచేసి ఒకసారి చూడాలి. మొదటి 5 రౌండులకి పిక్‌కి 90 సెకన్లు, అంటే 60 పిక్‌లకి గంటన్నర. మిగతా 11 రౌండులకి 60 సెకన్ల చొప్పున 132 నిమిషాలు. రెండు విరామాలతో కలిపి నాలుగు గంటలు. మాకిచ్చింది రెండున్నర. ఎంత తొందరపడినా ఏదో ఒక రౌండులో పులిహోర రావాల్సిందే.

యాప్ ఉండగా ఇంత శ్రమెందుకని యువజన విభాగంలోనే కొందరంటున్నారు. యాప్ తప్పు గడిలో పెట్టదు, బీజాన్‌కి బదులు బ్రయన్‌ని ఇవ్వదు. నిజమే. కానీ మూడువందలమంది వీడియోలు పంపుకునే హాల్లో వైఫై ఏమవుతుందో అందరికీ తెలుసు. నెట్ ఆగిన మరునిమిషం యాప్ తనకి నచ్చినవాణ్ణి మీ నెత్తిన పెడుతుంది. పైగా బోర్డు చెప్పేది యాప్ చెప్పదు. ఒకే రౌండులో టైట్ ఎండ్ అనే స్థానంలో ఆడేవాళ్ళ స్టిక్కర్లు నాలుగు పడితే ఆ రంగు గోడమీద చారలా కనబడుతుంది. మీ నిలువు వరుసలో ఆ రంగు లేదని అప్పుడే తెలుస్తుంది. పక్కవాడికి బంతి విసిరే క్వార్టర్‌బ్యాకులు ఇద్దరున్నారు కాబట్టి ఈ రౌండులో వాడు మళ్ళీ తీసుకోడు, మీరు ఇంకో పిక్ ఆగొచ్చు. ఐదంగుళాల తెరమీద ఈ ఆలోచన రాదు.

యాప్‌ని అసలే వద్దనడం లేదు. పెద్ద సైట్లలో బయట జరిగిన డ్రాఫ్ట్‌ని తర్వాత ఎక్కించే వీలుంది. నాలుగేసి రౌండులకి ఒకసారి బోర్డు ఫోటో తీసి, ఆ రాత్రే జట్టు జట్టుగా ఎక్కించి, మరునాడు ఎవరి జాబితా వాళ్ళకి పంపితే సరి. అలా తీసిన ఒక ఫోటో ఉండబట్టే ఈసారి మొదటి ఎనిమిది రౌండులైనా దక్కాయి. ఊరు మారినవాళ్ళని వీడియోలో కలపాలనుకుంటే మాత్రం కెమెరాని నమ్మకండి, అందులో అక్షరాలు కనబడవు. వాళ్ళ తరఫున గదిలో ఒకరు కూర్చోవాలి. ఇక్కడ సెంట్రల్ టైము మధ్యాహ్నం రెండంటే హైదరాబాదులో అర్ధరాత్రి పన్నెండున్నర, నాలుగు గంటలు ఎవరు మేలుకుంటారు?

పెద్దలకి ఇంకో మాట. ఆరోజు బోర్డు ముందు ఆగి "ఈ రంగులేంటమ్మా" అని అడిగిన ఆంటీలు, అంకుల్స్ చాలామంది ఉన్నారు. ఏడాదంతా పిల్లలు ఏం ఆడుతున్నారో వాళ్ళకి కనబడేది ఆ గోడ మీదే. మన పిల్లలు కూచిపూడి ఆడితే ముందు వరసలో కూర్చుంటాం. వాళ్ళు ఇక్కడి ఆటని ఇక్కడి పద్ధతిలో, పక్కనే పులిహోర తింటూ ఆడుతుంటే మైకులో పేకాట అంటాం. డ్రాఫ్ట్‌కి వచ్చిన పన్నెండుమందిలో ఏడుగురు ఉదయం మండపం కట్టినవాళ్ళే.

వచ్చే ఏడాది డ్రాఫ్ట్ వేలం పద్ధతిలో పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. ఒక్కొక్కరికి ఉత్తుత్తి 200 డాలర్లు, ప్రతి ఆటగాడికీ పాట. స్టిక్కర్ పక్కన ధర రాయడానికి గడి పెద్దది కావాలి, మిగిలిన సొమ్ము రాయడానికి కింద ఒక వరస ఉండాలి. ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. చేతిలో 37 ఉండి, ఇంకా 5 స్థానాలు నింపాలంటే పాడగలిగే గరిష్ఠం 33. మిగతా నాలుగింటికీ తలా ఒక డాలరు ఉంచుకోవాలి కదా. దీనికి పాట పాడించేవాడి గొంతు గట్టిగా ఉండాలి, తొందరపెట్టడం తెలియాలి, మూడోసారి అన్నాక మనసు మార్చుకోకూడదు. అలాంటి గొంతు మన సంఘంలో ఒక్కటే ఉంది. ఆగస్టు 30న మైకు పట్టుకున్నది ఆయనే. ఒప్పుకుంటారా అని అడుగుతున్నాం.

2026లో లేబర్ డే సెప్టెంబరు 7, చవితి 14. అప్పుడు రెండూ ఒకే వారాంతంలో పడవు. 5వ తేదీ శనివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరింటిదాకా ఆ పక్కగది రాసివ్వండి. అంటించడానికి గంట, ఆడటానికి నాలుగు. కిటికీ లేని ఉత్తరపు గోడ కావాలి, ఎండ పడితే జిగురు కరుగుతుంది. టేపు, బియ్యం బస్తాలు మేమే తెస్తాం.