మహారాజశ్రీ పేలని తూటా గారికి

మహారాజశ్రీ స్నాప్ క్యాప్ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ నా రివాల్వరూ క్షేమం. మీ క్షేమం అడగడానికి మాత్రం నోరు రావడం లేదు. నిన్న రాత్రి కూడా మీ ఆరుగురినీ వంతులవారీగా పొడిపించాను కదా.

మీ బయోడేటా చూస్తే జాలేస్తుంది. పేరుకే తూటా, నిజానికి తుపాకీ పేల్చకుండా ట్రిగ్గర్ నొక్కి సాధన చేసేటప్పుడు లోపల పెట్టే డమ్మీ. మందు లేదు, సీసం లేదు, నిప్పు పుట్టించే ప్రైమర్ లేదు. ప్రైమర్ ఉండాల్సిన చోట కాస్త రబ్బరో స్ప్రింగో ప్లాస్టిక్కో. తూటా అడుగును కొట్టే ముల్లు, అదే ఫైరింగ్ పిన్ను, వచ్చి పొడిస్తే మెత్తగా ఓర్చుకోవడమే ఉద్యోగం. ఒక్కసారి కూడా పేలకపోవడమే మీ పనితనం. ఆఫీసుల్లో ఇలాంటివాళ్లను చూశాను గానీ, వాళ్లకు నెలకోసారి జీతం పడుతుంది.

మీ విలువ నాకు మొదట్లో తెలియదు. ఖాళీ తుపాకీని ఊరికే నొక్కితే ఏం అరుగుతుందిలే అనుకున్నాను. నాది పాయింట్ 22 రిమ్‌ఫైర్. ఆ రకం తూటాకు నిప్పు పుట్టించే రసాయనం అడుగు మధ్యలో ఉండదు, అంచులో ఉంటుంది. కాబట్టి పిన్ను వచ్చి అంచునే పొడుస్తుంది. లోపల తూటా లేకపోతే కొన్ని రివాల్వర్లలో ఆ పోటు నేరుగా ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఉక్కు అంచుకే తగులుతుంది. ఇదేమీ తెలియకుండా సెలవు రోజంతా సోఫాలో కూర్చుని టిక్కు టిక్కుమనిపించాను.

తర్వాత కాల్పుల సాధన చేసే రేంజ్‌లో తూటాలు ఎక్కిస్తుంటే ఒక్కటీ సాఫీగా దిగదు. బొటనవేలితో నెట్టి నెట్టి గోరు ఎర్రబడింది. తుపాకులు బాగుచేసే పెద్దాయన భూతద్దం పెట్టి చూసి నాకు అందించారు. ఒక్కో ఛాంబర్ అంచున ఒక్కో నొక్కు, పక్కనే లోపలికి పొడుచుకొచ్చిన చిన్న ఉక్కు గరుకు. ఆరింటికీ సమానంగా పంచాను, ఎక్కడా పక్షపాతం లేదు. "టీవీ చూస్తూ నొక్కావా బాబూ?" అన్నారాయన. టీవీ ఆ రోజు పనిచేయలేదని చెప్పి పరువు కాపాడుకున్నాను.

సెంటర్‌ఫైర్, అంటే తూటా అడుగు మధ్యలో పిన్ను పొడిచే రివాల్వర్లున్న మిత్రులు మీ పేరెత్తితే నవ్వుతారు. ఇప్పటి మోడళ్లలో చాలావాటిని ఖాళీగా నొక్కినా ఏమీ కాదన్నది నిజమే, తయారీదారు ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ పుస్తకం విప్పినవాళ్లు తక్కువ. ట్రిగ్గర్ నొక్కితే వచ్చి కొట్టే సుత్తికే, అంటే హామర్‌కే, పిన్ను బిగించి ఉండే పాతకాలపు వాటిలో ఆ పిన్ను విరగవచ్చు. మందూ గుండూ విడివిడిగా దట్టించే ఇంకా పాత క్యాప్ అండ్ బాల్ రకంలో హామర్ నేరుగా నిపుల్ (నిప్పు పుట్టించే క్యాప్‌ను తొడిగే చిన్న మొన) మీద పడి దాని తల చదును చేస్తుంది. ఏది ఏమైనా నేను మిమ్మల్నే ఆశ్రయించాను. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు, ఆ ఫైరింగ్ పిన్ను రోజూ మీతో ఏం చెప్పుకుంటుందో మరి.

మీరు కాపాడలేని పాపాలూ ఉన్నాయి. సినిమా హీరోలా మణికట్టు విదిలించి, ఛాంబర్లన్నీ ఉండి గుండ్రంగా తిరిగే సిలిండర్‌ను టప్పున మూయడం అందులో మొదటిది. సిలిండర్‌ను మోసే క్రేన్ వంగిందంటే ఛాంబరుకూ బ్యారెల్‌కూ వరస తప్పుతుంది. ఆ ముచ్చట నేను అద్దం ముందు రెండుసార్లు తీర్చుకున్నాను. దయచేసి ఎవరికీ చెప్పకండి.

మీ మీద నాకున్న అసలు కోపం వేరే. మీరు నిజం బయటపెడతారు. బ్యారెల్ మీద నాణెం నిలబెట్టకుండా పడుకోబెట్టి, డబుల్ యాక్షన్‌లో, అంటే ఒక్క నొక్కుతోనే హామర్ లేచి పడేలా, ట్రిగ్గర్ నొక్కుతాను. చాలా రివాల్వర్లలో దానికి 4 నుంచి 5 కిలోల పైనే బలం కావాలి. ట్రిగ్గర్ సగం దూరం రాగానే నాణెం జారి నేల మీద ఖంగుమంటుంది. ఇంట్లో ఇలా ఉంటే, రేంజ్‌లో మిత్రుడు అసలు తూటాల మధ్య మిమ్మల్ని నాకు తెలియకుండా కలిపి ఎక్కించాడు. మీ వంతు రాగానే పేలుడు లేదు గానీ, పేలుతుందని ముందే బెదిరిన నా చేతితో పాటు గొట్టం మాత్రం కిందికి వాలింది. ఇన్నాళ్లూ గురి తప్పినప్పుడల్లా గాలిని తిట్టాను. ఆ రేంజ్‌కు పైకప్పూ నాలుగు గోడలూ ఉన్నాయి.

ఇంకొక విన్నపం. మీలో కొందరు అచ్చం అసలు తూటాల్లాగే ముస్తాబవుతున్నారు. ఎర్రగానో నీలంగానో కనబడితే మీ పరువేమీ పోదు. అసలువాటికి మీరు సాధన చేసే గదిలో ప్రవేశం లేదు. గొట్టం ఎదురుగా తూటాను ఆపగల గోడే ఉండాలి. ఇవన్నీ నేను పాటిస్తాను. నాకు భయం మాత్రం "ఇంకొక్కసారి" అనే మాటంటేనే. సాధన ముగించి, అసలు తూటాలు ఎక్కించాక, చేతికి గుర్తొచ్చే మాట అది. అందుకే రోజూ లేచి నిలబడి "అయిపోయింది" అని పైకే అంటాను. ఇంట్లోవాళ్లు ఎవరితో మాట్లాడుతున్నావని అడుగుతారు. మీ పేరు చెప్పలేను కదా.

ఇట్లు,
మిమ్మల్ని రోజూ కొట్టించే
మీ విధేయుడు

తా.క. ఇందాక "అయిపోయింది" అన్నాక బల్ల మీద లెక్కపెడితే మీరు ఐదుగురే ఉన్నారు. ఆరో ఆయన ఇంకా సిలిండర్‌లోనే కూర్చున్నాడని ఒక్కో ఛాంబర్ మీద వేలు పెట్టి చూశాకే తెలిసింది.