చేతులు కట్టుకున్న బడిలో మూకాభినయం పుట్టదు

అంతర్ విశ్వవిద్యాలయ యువజనోత్సవాల్లో మూకాభినయానికి, అంటే మాట లేకుండా దేహంతోనే కథ చెప్పే మైమ్‌కు, ఇచ్చే సమయం ఐదు నిమిషాలు. మన కళాశాలల వార్షికోత్సవాల్లో చాలాచోట్ల ఆ గౌరవమూ లేదు. ముఖ్య అతిథి రాక ఆలస్యమైతే, వేదిక బోసిపోకూడదని తెల్లరంగు పూసుకున్న నలుగురు పిల్లల్ని పైకి పంపుతారు. కోల్‌కతాలో జోగేశ్ దత్తా, నిరంజన్ గోస్వామి ఒక జీవితకాలం ధారపోసిన కళకు మన దగ్గర దక్కుతున్న స్థానం ఇది.

తెలుగు నాటకానికి మాటే ప్రాణమని, మైమ్ పారిస్ దిగుమతి అని కొందరు పెద్దల వాదన. ఆ తెల్లముఖం అక్కడిదే, కాదనను. కానీ నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాల్లో వాచికం, అంటే మాట, ఒకటి మాత్రమే. కథకళిలో పాట గాయకులది. నటుడు చేతులతో, కళ్లతోనే తెల్లవార్లూ కథ నడుపుతాడు.

నూతిలో నీళ్లు తోడే అభినయాన్ని ఒక్కసారి శ్రద్ధగా చూడండి. నుయ్యి లేదు, గిలక లేదు, చేంతాడు లేదు. చేద దిగుతున్నంతసేపూ అరచేతుల్లోంచి తాడు జారుతుంది. చేద నీటిని తాకగానే భుజాలు సడలుతాయి. నిండిన చేదను లాగేటప్పుడు బరువు చేతుల్లో కనిపించదు. మడమల్లో, నడుములో, మెడ నరాల్లో కనిపిస్తుంది. ఒక చెయ్యి పట్టు మార్చుకునే క్షణంలో రెండోది గాలిలో మేకు కొట్టినట్టు నిలవాలి. అంగుళం చలించిందా, తాడు మాయమవుతుంది! నూతిని ఎన్నడూ చూడని పిల్లవాడికి కూడా అంతవరకూ ఆ తాడు కనిపిస్తూనే ఉంటుంది. ఫ్రెంచ్ మైమ్ గురువు ఎతియెన్ దెక్రూ ముఖాన్ని కప్పి మరీ మొండెంతో కథ చెప్పించే సాధనకు పూనుకున్నది ఇందుకే. ప్రపంచ ప్రఖ్యాత మైమ్ నటుడు మార్సెల్ మార్సో తయారైంది ఆయన దగ్గరే.

అలాంటి శరీరాలు మనకెక్కడివి? బడిలో చేరిన మొదటివారమే పిల్లలు వినే ఆజ్ఞలు రెండు: చేతులు కట్టుకో, నోటిమీద వేలు వేసుకో. మాటనూ దేహాన్నీ ఒకేసారి కట్టేసే ఈ క్రమశిక్షణలో పదేళ్లు పెరిగి, ఆపై ఇంటర్‌లో పొద్దుట నుంచి రాత్రి వరకు బల్లకు అతుక్కున్న పిల్లవాడికి భుజం ఒక భావాన్ని పలికించగలదని తెలిసేదెలా? శరీరమంటే తలను పరీక్ష గదికి మోసుకెళ్లే బండి అని మాత్రమే అతనికి నేర్పాం. పెద్దయ్యాక అతను ఎదుటివాడి ముఖంలో అలసటను చదవలేకపోతే నేరం అతనిది కాదు.

ప్రాథమిక పాఠశాలల్లో వారానికి ఒక్క పీరియడు మూకాభినయానికి కేటాయించాలి. మైకు అక్కర్లేదు, దుస్తులు అక్కర్లేదు. బెంచీలు గోడవారకు జరిపి, కట్టుకున్న ఆ చేతులు విప్పమని చెప్పగల టీచరు ఉంటే చాలు.